ఇవేసివ్ అంటే అబద్ధమేనా? బొంకు మాటల మీద ఒక సందేహం

నాగావళి_గట్టు | శ్రీకాకుళం | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళంలో ఒక వకీలు గారి ఆఫీసులో పని చేస్తాను. కాయితాలు టైపు చేయడం, ఇంగ్లీషులో ఉన్నవి పార్టీలకు తెలుగులో చెప్పడం నా పని. నిన్న ఒక చిన్న మాట దగ్గర ఆగిపోయాను. రాత్రంతా అదే ఆలోచన.

చేబదులు కేసు. వివరాలు కొంచెం మార్చి రాస్తున్నాను. ఆమదాలవలస దగ్గర పల్లెటూరి ముసలావిడ ఒకతనికి ఎనభై వేలు ఇచ్చింది. ఆయన తిరిగి ఇవ్వలేదు, ఈవిడ దావా వేసింది. ఆయన జవాబు వచ్చింది. అందులో ఒక వాక్యం కింద మా సారు పెన్సిలుతో గీత గీసి, పక్కన ‘ఇవేసివ్’ అని రాశారు. ఆవిడ నా బల్ల దగ్గర స్టూలు మీద కూచుని “ఏటి రాసినాడమ్మా?” అని అడిగింది. “అబద్ధం రాశాడమ్మా” అన్నాను.

లోపలి నుంచి సారు విన్నారు. “అబద్ధమని నేననలేదు. ఆ రెండూ ఒకటి కాదు. సరిగ్గా చెప్పు” అన్నారు.

ఆవిడ నా మొహం వైపు చూసి, “అబద్ధం కాపోతే మరేటమ్మా?” అంది.

నా దగ్గర మాట లేదు. డిక్షనరీలో ‘తప్పించుకొను’ అని ఉంది. ఆవిడకి అది చెబితే మనిషి ఊరొదిలి పారిపోయాడనుకుంటుంది. ఇంగ్లీషులో ఇలాంటి మాటలు ఎన్నో ఉన్నాయి, అన్నిటికీ మనం ‘అబద్ధం’ అనే రాసేస్తున్నాం. తెలిసినవాళ్ళు సాయం చెయ్యండి. వాయిదా గురువారం. ఆవిడ బుధవారం మళ్ళీ వస్తుంది.

బొబ్బిలి_మాస్టారు | ఆదివారం, ఉదయం 6:15

అమ్మా, మీ సారు చెప్పింది నిజం. ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

‘లై’ అనాలంటే చెప్పిన మాట నిజం కాదని చెప్పేవాడికి తెలియాలి, వినేవాడు దాన్ని నమ్మాలని వాడికి ఉండాలి. తెలియక తప్పు చెబితే అది పొరపాటే. ‘ఇవేడ్’ లాటిన్ నుంచి వచ్చింది, బయటికి నడిచిపోవడమని అర్థం. అడిగిన ప్రశ్న గుమ్మం దగ్గర నిలబడితే వీడు పెరటి తలుపు తీసుకుని వెళ్ళిపోతాడు. చెప్పిన మాటలో అబద్ధం ఒక్కటీ ఉండక్కర్లేదు.

దీనికి తెలుగులో మాటలు లేవనుకోవద్దు. అడిగినదాన్ని ముట్టకుండా మీదనుంచి గెంతితే కప్పదాటు. చుట్టూ తిప్పి తిప్పి చెబితే డొంకతిరుగుడు. అవునూ కాదూ అనకుండా నోట్లోనే ఉంచుకుంటే నీళ్ళు నమలడం. రేపు మాపు అంటే నాన్చడం. మాటని వేరే అర్థంలోకి మెలితిప్పితే మడతపేచీ. ఇవి ఒకదానికొకటి బదులు కావు. మీ ప్రతివాది ఏం రాశాడో ఆ వాక్యం చెబితే ఏ మాట సరిపోతుందో చూద్దాం.

ఇంకొకటి. ‘ప్రివేరికేట్’ అనే మాట ఉంది. దాటవేస్తూ మాట్లాడటానికి ఇంగ్లీషువాళ్ళు వాడతారు. లాటిన్‌లో దాని మూలార్థం కాళ్ళు ఎడంగా వేసి వంకరగా నడవడం. రోమన్ కోర్టుల్లో అదొక నేరం కూడా. తన పార్టీ తరపున నిలబడి, లోపాయికారీగా అవతలి పార్టీతో కలిసిపోయిన వకీలు మీద ఆ నేరం మోపేవారు. ప్లినీ అనే రోమన్ రచయిత, ఆయన క్రీ.శ. 79లో పోయాడు, ఈ మాట నాగలి దగ్గర పుట్టిందని రాశాడు. దున్నేవాడు వంగి దున్నకపోతే నాగటి చాలు వంకరపోతుంది, ఆ తప్పు పేరే పొలం నుంచి న్యాయస్థానానికి వెళ్ళింది అంటాడు. నాకు ఇంగ్లీషులో బాగా ఇష్టమైన మాటల్లో ఇదొకటి.

చీపురుపల్లి_దుక్కి | ఆదివారం, ఉదయం 7:02

మాస్టారూ, మీరు రాసింది చదివి ఆగలేకపోయాను. చాలు వంకరపోతే ఏమవుతుందో దున్నినోళ్ళకే తెలుస్తుంది.

ఇప్పుడు మాకూ ట్రాక్టరే. చిన్నప్పుడు మా నాన్న వెనక నడిచేవాణ్ణి. నాటునాగలి కర్రు మట్టిని కోసి రెండు పక్కలకీ పోస్తుంది. పక్క చాలు దగ్గరగా రాకపోతే రెండు చాళ్ళ మధ్య కొంత నేల దున్నకుండా మిగిలిపోతుంది. కాని పైకి కనిపించదు. అటూ ఇటూ లేచిన గుల్లమట్టి దానిమీద పడి కప్పేస్తుంది. గట్టు మీద నిలబడి చూస్తే మడి మొత్తం దున్నినట్టే ఉంటుంది. మా నాన్న ముల్లుకర్ర పట్టుకుని అడ్డంగా నడిచి పొడిచేవాడు. మెత్తగా దిగితే సరే. టక్కుమంటే “ఇక్కడ వదిలీసినావు” అనేవాడు. అందుకే ఒకసారి నిలువు, ఒకసారి అడ్డం, సాలు ఇరవాలు దున్నమనేవారు.

మీరు చెప్పే జవాబు కూడా అలాంటిదే కదా. మడి నిండా మాటలుంటాయి, అసలు చోట నేల గట్టిగానే ఉంటుంది. పొడిచి చూసేవాడు ఉండాలి.

ఇంకో సంగతి, డొంక అంటే పొలాల మధ్య బండి పోయే దారి. నేరుగా గట్టు మీద వెళ్తే రెండు నిమిషాలు. డొంక పట్టుకుని తిరిగితే అరగంట. డొంకతిరుగుడు అనేది అందుకే అనుకుంటాను.

కోట_జంక్షన్ | విజయనగరం | ఆదివారం, ఉదయం 10:30

మంచి చర్చ. నాదొక సందేహం. ఇంగ్లీషులో ‘బంకమ్’ అని ఉంది, పనికిమాలిన మాటలు, బూటకం అని. అది మన ‘బొంకు’ నుంచే పోయిందని మా కాలేజీలో చెప్పేవారు. ఈస్ట్ ఇండియా కంపెనీ వాళ్ళు పట్టుకెళ్ళారని. నిజమేనా?

బొబ్బిలి_మాస్టారు | ఆదివారం, ఉదయం 11:05

కాదు నాయనా. వినడానికి బాగుంది, నేనూ ఒకప్పుడు నమ్మాను. అది అమెరికా మాట. నార్త్ కరోలినా రాష్ట్రంలో బంకమ్ అని ఒక కౌంటీ ఉంది. 1820లో అమెరికా ప్రతినిధుల సభలో మిస్సోరిని రాష్ట్రంగా చేర్చుకోవడం మీద పెద్ద చర్చ జరుగుతోంది. ఓటింగుకి అందరూ తొందరపడుతున్నారు. ఆ ప్రాంతం సభ్యుడు ఫీలిక్స్ వాకర్ లేచి సంబంధం లేని ఉపన్యాసం మొదలుపెట్టాడు. కూర్చోమన్నా వినలేదు. మా బంకమ్ వాళ్ళ కోసం మాట్లాడాలి అన్నాడు. అప్పటినుంచి ఊరివాళ్ళని మెప్పించడానికి చేసే వట్టి మాటలకి ఆ ఊరిపేరే స్థిరపడింది. ‘బంక్’, దానిమీద ‘డిబంక్’ తరవాత వచ్చాయి.

మన బొంకు అంతకంటే చాలా పాతది. 15వ శతాబ్దం నాటి పోతన పద్యాల్లో ఉంది. బలి చక్రవర్తికి శుక్రాచార్యుడు ఎప్పుడెప్పుడు బొంకవచ్చో చెప్పే సందర్భం మీ అందరికీ తెలిసిందే. రెండు మాటలూ దారిలో ఒకదాన్నొకటి పోలాయి గాని చుట్టరికం లేదు.

అచ్చతెలుగు_మనిషి | రాజాం | ఆదివారం, మధ్యాహ్నం 1:20

నాకనిపించేది వేరు. ఇంగ్లీషులో ఇన్ని మాటలు ఉన్నాయంటే ఆ జాతికి అబద్ధాల అవసరం ఎక్కువన్నమాట. తెలుగువాడు నిజం, అబద్ధం అని రెండే అనుకున్నాడు. సూటి భాష. ఆ మెలికలన్నీ మనకెందుకు?

పొందూరు_మగ్గం | ఆదివారం, మధ్యాహ్నం 2:45

అన్నా, మీరు పెద్దవారు, కానీ ఒప్పుకోలేను. నామం పెట్టడం, శఠగోపం పెట్టడం, కుచ్చుటోపీ, టోకరా, బురిడీ, దగా, చెవిలో పువ్వు, కాకమ్మ కబుర్లు, కల్లబొల్లి మాటలు, కోతలు, ఎచ్చులు, బుకాయింపు, దబాయింపు. ఇవన్నీ ఎవరివి? రెండే అనుకున్నవాళ్ళకి ఇన్ని ఎందుకొచ్చాయి?

బుకాయింపుకీ దబాయింపుకీ తేడా మా అమ్మకి బాగా తెలుసు. దొరికిపోయాక కూడా నేను కాదని మొండికేస్తే బుకాయింపు. దొరికిపోయాక నన్నే అడుగుతావా అని ఎదురు లేస్తే దబాయింపు.

మా ఇంట్లో నూలు వడుకుతారు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం మా అమ్మ చేతిలో చూస్తూ పెరిగాను. ఆ దవడలో పళ్ళు ఎంత సన్నగా ఉంటాయంటే గింజ చుట్టూ ఉన్న దూది పోగు పోగుగా విడిపోతుంది. ఒకసారి వేరే ఊళ్ళో ఒక కొట్లో ‘అసలు పొందూరు’ అని చీటీ అంటించిన బట్ట చూసింది. వేళ్ళ మధ్య నలిపి, వెలుతురుకి ఎత్తి చూసి, ఏమీ అనకుండా అక్కడ పెట్టేసి వచ్చేసింది. మిల్లు నూలు. అంతా ఒకే లావు. చేత్తో వడికిన పోగు అలా ఉండదు, ఒకచోట సన్నగా ఒకచోట కాస్త బొద్దుగా ఉంటుంది.

ఇంగ్లీషులో పూర్తిగా కల్పించిన అబద్ధాన్ని ‘హోల్ క్లాత్’ నుంచి కత్తిరించారంటారు. అతుకు లేకుండా కొత్త తానులోంచి కత్తిరించడం ఒకప్పుడు మంచి మాటే. అమెరికాలో 19వ శతాబ్దంలో అది అబద్ధానికి మారింది. మనం కథ అల్లాడంటాం, వాళ్ళు తాను కత్తిరించాడంటారు. మా పని పేరు రెండు భాషల్లోనూ అబద్ధానికి వాడేసుకున్నారని నాకు కొంచెం బాధ.

అచ్చతెలుగు_మనిషి | ఆదివారం, మధ్యాహ్నం 3:10

చెల్లీ, బుకాయింపు, దబాయింపు సంగతి బాగా చెప్పావు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే కోర్టు కాయితం కదా, ‘అనృతము’, ‘మిథ్యావచనము’ అని గంభీరంగా రాస్తే బాగుంటుందేమో.

బొబ్బిలి_మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 3:40

వద్దు బాబూ. ఆ ముసలావిడకి అర్థం కావాలి. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు జనం నోట్లో ఉన్న తెలుగే పుస్తకంలో ఉండాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన జిల్లాలో కూచుని ఆవిడకి ‘అనృతము’ అని చెప్పలేం.

వంశధార_వకీలు | ఆదివారం, సాయంత్రం 6:00

నాగావళి గారూ, మీ సారు గీత గీసిన వాక్యం ఏమిటో నేను ఊహించగలను. “ఈ ప్రతివాది వాది వద్ద నుండి రూ. 80,000 తీసుకొని యుండలేదు.” అవునా?

నాగావళి_గట్టు | ఆదివారం, సాయంత్రం 6:08

అక్షరాలా అదేనండి! మీకెలా తెలిసింది?

వంశధార_వకీలు | ఆదివారం, సాయంత్రం 6:35

ఎందుకంటే 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఆ వాక్యం ఉదాహరణగా ఉంది. ఎనిమిదో ఆర్డరు, నాలుగో రూలు. వాది ఫలానా మొత్తం ఇచ్చానంటే, ప్రతివాది “ఆ మొత్తం నేను తీసుకోలేదు” అంటే చాలదు. “ఆ మొత్తం గాని, అందులో ఏ భాగం గాని తీసుకోలేదు” అనాలి. లేదంటే ఎంత తీసుకున్నాడో చెప్పాలి.

ఇప్పుడు చూడండి. ఆయన డెబ్బై తొమ్మిది వేలు తీసుకున్నాడనుకోండి. “ఎనభై వేలు తీసుకోలేదు” అన్న మాట నిజమే. అందుకే మీ సారు అబద్ధమనలేదు. అబద్ధమంటే అది అబద్ధమని మనం రుజువు చెయ్యాలి. ఇవేసివ్ అంటే ఆయన జవాబే చెప్పలేదని చూపిస్తే చాలు. తరవాతి రూలు, అయిదోది, సూటిగా కాదనని సంగతిని ఒప్పుకున్నట్టే లెక్కేస్తుంది. మైనర్లలాంటి వారికి మినహాయింపు ఉంది, కోర్టు కావాలనుకుంటే రుజువూ అడగొచ్చు. కాబట్టి ఆవిడకి ‘ఇవేసివ్’ అన్న మాట ‘అబద్ధం’ కంటే ఎక్కువ ఉపయోగం.

ఇంకొకటి, నాకు చదువుకునే రోజుల నుంచి ఇష్టమైనది. 1872 కాంట్రాక్టు చట్టం పదిహేడో సెక్షనులో గుర్రం ఉదాహరణ. వేలంలో ఒకడు లోపమున్న గుర్రాన్ని అమ్ముతాడు. లోపం తెలుసు, చెప్పడు. వట్టి మౌనం మోసం కాదంటుంది చట్టం. అదే కొనేది ఈమధ్యే మైనారిటీ తీరిన తన కూతురైతే చెప్పాల్సిన బాధ్యత ఉంది, చెప్పకపోతే మోసం. మూడోది ఇంకా బాగుంటుంది. కొనేవాడు “నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనుకుంటాను” అంటాడు. అమ్మేవాడు నోరు మెదపడు. అప్పుడు ఆ మౌనం మాటతో సమానం. మన సంతలో ఎద్దు బేరం చూసినవాడెవడైనా ఈ సెక్షను రాసి ఉండేవాడనిపిస్తుంది.

భావనపాడు_తీరం | ఆదివారం, రాత్రి 8:15

మాస్టారూ, ‘రెడ్ హెర్రింగ్’ సంగతి చెప్పండి. మా అబ్బాయి పోటీ పరీక్ష పుస్తకంలో ఉంది. మేము చేపలు ఎండబెట్టే వాళ్ళం. ఎర్ర చేపకీ మోసానికీ సంబంధమేమిటో బోధపడలేదు.

బొబ్బిలి_మాస్టారు | ఆదివారం, రాత్రి 8:50

హెర్రింగ్ చల్లటి సముద్రాల చేప, మీ నూనె కవళ్ళ పోలిక. మీరు ఇసకలో ఎండబెడతారు. వాళ్ళు ఉప్పులో ఊరేసి పొగబెడతారు. పొగకి రంగు ఎర్రబారుతుంది, కంపు గట్టిగా ఉంటుంది. 1807లో విలియం కాబెట్ అనే ఇంగ్లండు పత్రికాయన ఒక కథ రాశాడు. చిన్నప్పుడు ఆ చేపని దారికి అడ్డంగా ఈడ్చి వేటకుక్కల్ని కుందేలు జాడ నుంచి మళ్ళించానని. నెపోలియన్ ఓడిపోయాడన్న తప్పుడు వార్త వెంట పరిగెత్తి ఇంటి సంగతులు మరిచిన పత్రికల్ని తిట్టడానికి ఆ కథ చెప్పాడు. ఆ అర్థం నిలబడిపోయింది. అడిగినదానికి జవాబు చెప్పకుండా ఇంకేదో ముందు పడేసి మన దృష్టి అటు లాగడం. అబ్బాయికి ‘దారి మళ్ళించే ఎర’ అని చెప్పండి.

భావనపాడు_తీరం | ఆదివారం, రాత్రి 9:05

అర్థమైందండి. నెత్తళ్ళు ఆరబెట్టినప్పుడు ఊళ్ళో కుక్కలన్నీ మా ఇంటి ముందే ఉంటాయి. వాడికి అలాగే చెప్తాను.

కోట_జంక్షన్ | ఆదివారం, రాత్రి 11:20

పొద్దున్న ఊరికే పలకరించాను. వకీలు గారి గుర్రం ఉదాహరణ చదివాక అసలు సంగతి రాయాలనిపిస్తోంది.

2023 ఆగస్టులో విదేశంలో ఉద్యోగమని ఒక ఏజెన్సీకి లక్షా అరవై వేలు కట్టాను. పేరు రాయను. ఆ డబ్బులో సగం మా అమ్మ గాజులు తాకట్టు పెట్టినవి. పద్నాలుగు నెలలు తిరిగాను. ఫోన్లో మాటలన్నీ రికార్డు చేసి ఉంచాను. వాడు అబద్ధమాడిన చోటు దొరికితే పట్టుకెళ్ళి అడగాలని ఒక రాత్రి కూచుని అన్నీ విన్నాను.

“మీ ఫైలు ప్రాసెస్‌లో ఉంది.” ఉంది, ఫైలు వాళ్ళ బీరువాలో ఉంది.

“మీ వివరాలు కంపెనీకి పంపాం.” పంపారు, ఈమెయిలు నేను చూశాను.

“మీకంటే ముందు కట్టినవాళ్ళు ఆల్రెడీ ఫ్లైట్ ఎక్కేశారు.” ఎక్కారు. విజిటింగ్ వీసా మీద వెళ్ళి రెండు నెలలకి తిరిగొచ్చారు. ఆ రెండో సగం చెప్పలేదు.

నా దగ్గర డబ్బు తీసుకునేనాటికే ఆ కంపెనీ మనుషుల్ని తీసుకోవడం ఆపేసింది. ఆ సంగతి వాళ్ళకి తెలుసు. నేను “వేకెన్సీ ఉంది కదా?” అని ఎప్పుడూ అడగలేదు, ఉందనే అనుకున్నాను. వాళ్ళూ ఉందనలేదు.

రాత్రి మూడింటికి హెడ్‌ఫోన్స్ తీసేశాను. ఒక్క అబద్ధం దొరకలేదు. నాది తెలివితక్కువేమో, మోసమే కాదేమో అనిపించింది. అప్పటినుంచి ఎవరికీ చెప్పలేదు. దీనికి ఏ భాషలోనైనా పేరుందా మాస్టారూ?

బొబ్బిలి_మాస్టారు | సోమవారం, ఉదయం 5:30

నాయనా, ఉంది. తప్పు నీది కాదు, ముందు అది మనసులో పెట్టుకో.

ఇంగ్లీషులో దాన్ని ‘పాల్టరింగ్’ అంటారు. 16వ శతాబ్దం నుంచి ఉన్న మాట, మొదట్లో గొణగడం, తరవాత మాట నిలకడగా లేకపోవడం. ఈమధ్య బేరసారాల మీద పరిశోధన చేసేవాళ్ళు సరిగ్గా నీకు జరిగినదానికి వాడుతున్నారు. నిజమైన మాటలే ఏరి పేర్చి అబద్ధాన్ని నమ్మించడం. నిన్ను మోసం చేసినవాడు అబద్ధమాడలేదు, నీ చేత అబద్ధాన్ని అనుకునేలా చేశాడు.

మన దగ్గర దీనికి పేరు కాదు, కథే ఉంది. అశ్వత్థామ హతః అని గట్టిగా అని, కుంజరః అని మెల్లగా అన్నాడు ధర్మరాజు. నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున నడిచే ఆయన రథం ఆ ఒక్క మాటకి నేలమీద పడింది. ఏనుగు చావడం నిజమే. అయినా రథం దిగింది. అంటే మనవాళ్ళు మాటని బట్టి కాదు, వినేవాడి మనసులో ఏం నాటారో దాన్ని బట్టి లెక్కగట్టారు.

ఇంగ్లండులోనూ ఇదే గొడవ నడిచింది. 1605లో రాజునీ పార్లమెంటునీ పేల్చేయాలని పన్నిన తుపాకిమందు కుట్ర కేసులో హెన్రీ గార్నెట్ అనే జెస్యూట్ కాథలిక్ ఫాదరీని 1606లో ఉరితీశారు. హింసించి మతం గురించి అడిగినప్పుడు రెండర్థాల మాట చెప్పవచ్చు, సగం పైకి చెప్పి మిగతా సగం మనసులో అనుకోవచ్చు అన్న వాదాన్ని ఆయన సమర్థించాడు. ‘ఈక్వివోకేషన్’ అన్న మాట అప్పుడు జనం నోళ్ళలో పడింది. సమానమైన రెండు గొంతులు అని దాని అర్థం. ప్రాణం కోసం ఆ పని చేసినవాడి మీద నాకు కోపం రాదు. నీ దగ్గర డబ్బు తీసుకున్నవాడికి ప్రాణభయం ఏముంది?

వంశధార_వకీలు | సోమవారం, ఉదయం 8:10

తమ్ముడూ, ‘మోసమే కాదేమో’ అన్నావు. చట్టం అలా అనదు. ఐపీసీ 415 కింద చీటింగ్ నిర్వచనానికి ఒక వివరణ ఉంది. దురుద్దేశంతో నిజాలు దాచిపెట్టడం కూడా వంచనే. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, అందులో 318వ సెక్షనులోనూ ఆ వివరణ అలాగే ఉంది. ఫోర్ ట్వంటీ అని మనం తిట్టే సెక్షను ఇప్పుడు 318లో నాలుగో భాగం. తిట్టు మాత్రం పాత నంబరు మీదే ఉంటుంది. నువ్వు డబ్బు కట్టింది 2023లో కాబట్టి నీకు పాత చట్టమే వర్తిస్తుంది.

ఆ రికార్డింగులు చెరపకు. వాళ్ళు నియామకాలు ఆపేసిన సంగతి అప్పటికే వాళ్ళకి తెలుసని చూపించే కాయితం ఏదైనా ఉంటే అదే నీ కేసు.

రాత్రి_డ్యూటీ | విజయనగరం | సోమవారం, ఉదయం 9:30

నేను నర్సుని. ఇప్పుడే డ్యూటీ దిగాను. కోట అన్న రాసింది చదివి చాలా బాధపడ్డాను, కాస్త భయం కూడా వేసింది. ఎందుకంటే వాళ్ళు చెప్పిన మాటలే నేనూ చెప్తాను.

మొన్న రాత్రి రెండు దాటాక ఒక పెద్దాయన భార్య వార్డు తలుపు దగ్గర నా చెయ్యి పట్టుకుంది. “బతుకుతాడామ్మా?” అని అడిగింది. ఆయన పల్స్ నాకు తెలుసు. “డాక్టరు గారు చూస్తున్నారమ్మా, మందు ఎక్కుతోంది” అన్నాను. రెండూ నిజాలే. ఆవిడ అడిగినదానికి జవాబు కాదు. ఆవిడ చెయ్యి వదిలేసి, లోపలికి వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూచుంది. తెల్లారేసరికి ఆయన లేరు.

నేను చేసింది కప్పదాటేనా? పాల్టరింగేనా?

కోట_జంక్షన్ | సోమవారం, ఉదయం 10:15

అక్కా, మాట ఒకటే అయినా రెండూ ఒకటి కావు. ఆవిడ మీ మాట విని ఏం పోగొట్టుకుంది? ఆయన పక్కన కూచుంది. మా అమ్మ గాజులు పోగొట్టుకుంది.

పొందూరు_మగ్గం | సోమవారం, ఉదయం 11:00

నాకు మాత్రం కొంచెం సందేహమే. ఆవిడకి నిజం తెలిస్తే పిల్లల్ని పిలిపించుకునేదేమో. మా తాతకి అలాగే అయింది, మాకెవరూ చెప్పలేదు. నర్సమ్మ తప్పని అనను, పెద్ద డాక్టరు చెప్పాల్సిన మాట ఆవిడ నెత్తిన పడింది.

రాత్రి_డ్యూటీ | సోమవారం, ఉదయం 11:40

పిల్లలున్నారో లేదో అడగలేదు. ఇకమీదట ఆ ఒక్కటీ అడుగుతాను. “ఇంట్లోవాళ్ళని రమ్మనండమ్మా” అంటే చాలు, వాళ్ళకే అర్థమవుతుంది. థాంక్స్ చెల్లీ.

బొబ్బిలి_మాస్టారు | సోమవారం, సాయంత్రం 5:00

అమ్మా, ఫ్రాన్సిస్ బేకన్ 1625లో ఒక వ్యాసంలో రెండు మాటలు విడదీశాడు. లేనిది ఉన్నట్టు చూపితే ‘సిమ్యులేషన్’. ఉన్నది లేనట్టు కప్పితే ‘డిసిమ్యులేషన్’. మొదటిదాన్ని ఎక్కువ తప్పుపట్టాడు. నువ్వు చేసింది రెండోది. ఏజెన్సీవాడు రెండూ చేశాడు, దాచినదానితోనే లేనిదాన్ని చూపించాడు.

పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్ళ మాటల మీద నాకు జాలి లేదు. ఇంగ్లండు సభలో తోటి సభ్యుణ్ణి అబద్ధాలకోరు అనకూడదు. 1906లో చర్చిల్ ‘పారిభాషిక కచ్చితత్వం లేకపోవడం’ అనే అర్థం వచ్చే పెద్దమాట వాడాడు, తరవాత అందరూ దాన్ని అబద్ధానికి మారుపేరు చేసుకున్నారు. 1986లో ఆస్ట్రేలియా కోర్టులో బ్రిటిష్ క్యాబినెట్ కార్యదర్శి రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ తన ఉత్తరం ఒకటి ‘నిజంతో పొదుపుగా’ ఉందన్నాడు. ఎంత చదువుకున్నవాడికి అంత మెత్తటి మాట దొరుకుతుంది. పల్లెటూరి మనిషి అదే పని చేస్తే సాక్షి బొంకాడని రాస్తారు. ఇది నాకు ఎప్పుడూ అన్యాయంగా తోస్తుంది.

చీపురుపల్లి_దుక్కి | సోమవారం, రాత్రి 7:30

ఇప్పటి పిల్లలు ‘కవరింగ్ ఇవ్వకు’ అంటారు చూశారా, అది మన మాటే అయిపోయింది. కవరింగ్ నగలు, పైన పూత. కల్ల పసిడికి కాంతి మెండు అని మా అమ్మమ్మ అనేది, అదే సంగతి.

కోట_జంక్షన్ | మంగళవారం, రాత్రి 9:00

వకీలన్నా, ఫిర్యాదు రాస్తున్నాను. ‘అబద్ధం చెప్పి మోసం చేశారు’ అని రాసి కొట్టేశాను, ఎందుకంటే అది నిజం కాదు. ఒక్క వాక్యం సాయం చెయ్యగలరా? ఈ ఫోరంలో ఎవరైనా సరే.

నాగావళి_గట్టు | మంగళవారం, రాత్రి 9:35

అన్నా, నేను రాస్తాను. రోజూ చేసే పనే. సారుకి చూపించి సరిచేయించాను.

“సదరు సంస్థ వారు నా నుండి రూ. 1,60,000 తీసుకునే నాటికే ఆ కంపెనీ నియామకాలు నిలిపివేసిందన్న సంగతి తెలిసి ఉండి, ఆ సంగతి దురుద్దేశంతో దాచిపెట్టి, ఫైలు ప్రాసెస్‌లో ఉందని, నాకంటే ముందు వారు వెళ్ళిపోయారని చెబుతూ, ఉద్యోగం ఉన్నదని నన్ను నమ్మించినారు. ఆ సంగతి తెలిసి ఉంటే నేను డబ్బు కట్టి ఉండేవాడిని కాను.”

చివరి వాక్యం తప్పకుండా ఉంచండి. వాళ్ళు దాచినందుకే మీరు డబ్బిచ్చారని అది చెబుతుంది. ప్రతి ఫోన్ మాటకీ తేదీ వెయ్యండి.

కోట_జంక్షన్ | మంగళవారం, రాత్రి 9:50

చెల్లీ, మా అమ్మకి చదివి వినిపించాను. రెండుసార్లు చదవమంది. రేపు వెళ్తున్నాను.

నాగావళి_గట్టు | బుధవారం, సాయంత్రం 6:20

ఇవాళ ఆవిడ వచ్చింది. అదే స్టూలు. నేను ఏ మాటా వాడకుండా వాక్యం చదివి, మెల్లగా చెప్పాను. “ఎనభై వేలు తీసుకోలేదంటున్నాడమ్మా. అసలేమీ తీసుకోలేదని అనలేదు. ఎంత తీసుకున్నాడో అదీ చెప్పలేదు.”

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని కాసేపు ఆలోచించింది.

“అంటే మాట మింగీసినాడు” అంది. “అబద్ధం ఆడనేదు. మింగీసినాడు.”

సారు లోపలి నుంచి తలెత్తి చూశారు. నేను పెన్సిలు తీసి ‘ఇవేసివ్’ పక్కన ఆవిడ మాటే రాశాను. “రేపు జడ్జిగారు ఆ మింగిందాని గురించే అడుగుతారా?” అని ఆవిడ అడిగింది. మన వకీలు గారు దాని గురించే మాట్లాడతారని చెప్పాను. బస్సు టైమైందని లేచి వెళ్ళింది.